ఇసుమంత తక్కువ

"మీ ఆయనకూ వాళ్లక్కకూ మాటల్లేవన్నావు కదా, మరి ఆయన బండి వారం వారం ఆవిడ గుమ్మం ముందే ఎండుతోందేమిటమ్మా?" అని పక్కింటావిడ గోడ మీంచి అడిగిందట. దర్జీ పని చేసే భార్య ఆ మాటను ఒక్క దారప్పోగు కూడా తెగకుండా తెచ్చి మొగుడి ముందు పడేసింది.

"నేను వెళ్లింది మాటలకు కాదు, ఫైలుకి," అన్నాడు లిఫ్టు మెకానిక్, కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే.

ఇల్లు పంచుకున్నప్పుడు అక్కాతమ్ముళ్లు పంతానికి పోయి చిన్నప్పటి గేమ్ పెట్టెను కూడా పంచుకున్నారు. పెట్టె అక్కకు, డిస్కులు తమ్ముడికి. ఒకటి లేకుండా రెండోది ఎందుకూ కొరగాదు. ఇప్పుడు కంప్యూటరునే ఆ పెట్టెలా నటింపజేసే ఎమ్యులేటర్ ఒకటి దొరికిందతనికి. తీరా ఎక్కించాక, అసలు పెట్టెలోంచి తీసిన బయోస్, అంటే ఆ పెట్టెను నడిపే మూల ఫైలు, పెడితే గానీ కదలనని అది మొండికేసింది. నెట్‌లో దొరికేది దొంగసొత్తు, పైగా వైరస్‌ల పుట్ట. అందుకని పంతం మింగి అక్క గడప తొక్కాడు. మూడుసార్లు వెళ్లాడు, అక్క పెట్టెలోంచి తీసిచ్చిన మూడు ఫైళ్లు తెచ్చాడు. తెర మీద మాత్రం అవే ఎర్ర అక్షరాలు: బయోస్ సరిగా లేదు.

"పాత పెట్టె కదా, లోపలేదో చెడిపోయుంటుంది. అక్కా అదే అంది."

భార్య మెడలో టేపుతోనే వచ్చి తెరలోకి తొంగిచూసింది. "ఈ అంకెలేంటి?"

"ఫైళ్ల సైజులు. మొదటిది ఉండాల్సిన దాంట్లో సగం. రెండోది ముప్పావు. ఇదిగో, ఇది చివర్న ఇసుమంత తక్కువ."

"మొదలు మూడింటికీ ఒకటేనా?"

పక్కపక్కన పెట్టి చూశాడు. తెగిన చోటు దాకా మూడూ పొల్లు పోకుండా ఒకటే.

"చెడిపోవడమేంటి నీ మొహం! చిరిగిన గుడ్డ ఇంత నీటుగా ఉండదు. ఇది కత్తెర పడ్డ గుడ్డ. వదిన పనిచేసేది ఫొటో స్టూడియోలోనేగా, ఫైలు కత్తిరించడం ఆవిడకి రాదా?"

అతని చెవులు వేడెక్కాయి. అక్క పోసిన టీలు, నడుం నొప్పి తగ్గిందా అని అడిగిన కబుర్లు, అన్నీ ఒక్కసారిగా వెక్కిరింతల్లా వినపడ్డాయి. డిస్కుల డబ్బా చంకన పెట్టుకుని బండి తీశాడు.

అక్క తలుపు తీసింది. "రారా! ఇప్పుడే మీ బావతో నీ గురించే..."

"ఫైలు కావాలనే కోసిచ్చావా?"

అక్క మొహంలో రంగు పోయింది. కుర్చీలో బావ పేపరు దించాడు.

"అడిగేది నిన్నే. కోసింది నువ్వా, కాదా?"

"నేనేరా," అంది అక్క, గొళ్లెం వదలకుండానే.

"ఎందుకని అడగను, నాకు తెలుసు. గోడలు పంచావు గానీ ఆట పంచడానికి నీకు చేతులు రాలేదు. నన్ను కుక్కలా తిప్పుకుని, టీ పోసి, లోపల్లోపల నవ్వుకున్నావు."

"అది కాదురా..."

"ఇంకేం చెప్పకు!" డబ్బాలోంచి కార్ల పందెం డిస్కు తీశాడు. ఎప్పుడు ఆడినా అక్కే గెలిచే ఆట అది. రెండు చేతులతో వంచాడు. ఫట్‌మంది. "నీకూ వద్దు, నాకూ వద్దు. నాకు అక్క లేదు, నీకు తమ్ముడు లేడు. ఇక్కడితో సరి."

అక్క కింద కూర్చుని ముక్కలు ఏరుకుంది. అంచుకు అంచు ఆనించి చూసింది. నిలవలేదు. మళ్లీ ఆనించింది.

అది చూసి అతను డబ్బా మూత మూసేశాడు. అయినా ఎత్తిన గొంతు దించలేక బావ మీదికి తిరిగాడు. "నువ్వైనా చెప్పు బావా! మొత్తం ఒకేసారి ఇచ్చేస్తే మీకేం పోయేది?"

"నువ్వు," అన్నాడు బావ. "మళ్లీ వచ్చేవాడివి కాదు."