ఈరక్క లామా

పశువుల డాక్టరు మడకశిర వైపు వచ్చి ఏళ్లయింది. జీవాల మెడకు కట్టిన మాట్లాడే యంత్రపు పట్టీలే జబ్బు పేరూ, మందూ చెప్పేవి. గొర్రెలు కాచే ఈరక్కకు పట్టీ మాటే వేదం.

ఆ ఉదయం, తోడేళ్ల నుంచి మందను కాయడానికి కొన్న లామా, ఒంటె జాతి పొడుగు మెడ జీవం, లేస్తూ పడుకుంటూ, సన్నగా మూలుగుతూ పేడకుప్ప చుట్టూ తిరగసాగింది.

"కడుపులో పురుగులు. వెంటనే మందు పోయండి," అంది పట్టీ.

ఈరక్క సీసా తీసింది గానీ చెయ్యి సాగలేదు.

"ఈనేటట్లుందే!" అంది భర్తతో.

"యాడ ఈనేది? వచ్చి ఎనిమిది నెల్లాయ. మన మందలో మగ లామా ఉందా? పట్టీ సెప్పినట్ల పొయ్," అన్నాడు సన్నీరప్ప. గొర్రె చూలు ఐదు నెలలే. లామాకు దాదాపు ఏడాది పడుతుందని, కొనేనాటికే అది చూలుతో ఉండొచ్చని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఈరక్కకు పాలుపోలేదు. పోస్తే పిల్ల పోతుందేమో, పోయకపోతే తల్లి పోతుందేమో. చివరికి సీసా మూత బిగించి లామా పక్కన కూర్చుంది.

ఎండ ముదరకముందే లామా నిలబడే పిల్లను జారవిడిచింది. కానీ నాకలేదు. గొర్రె అలా చేస్తే పిల్లను వద్దనుకున్నట్టే. ఈరక్క పట్టీ వైపు వంగింది.

"ఇది రోగమా, వీటి పద్ధతే ఇంతా?" అంటే పట్టీ పలకలేదు.

ఆమె కొంగుతో పిల్లను తుడిచింది. తల్లి వంగి దాని ముక్కుకు ముక్కు ఆనించి మూలిగింది. పిల్ల తడబడుతూ లేచి పొదుగు అందుకుంది.

"అంతేనామ్మా? ఇంగేమన్నా చెయ్యాల్నా?" అని ఈరక్క లామానే అడిగింది.