చల్లటి పేట

"మిషన్ అబద్ధం చెప్తుందా గ్లోరియా?" ఉదయ్‌కుమార్ లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. "మధ్యాహ్నాలు చోడవరం మెయిన్‌రోడ్డు కాలిపోతోంది. ఈ పేటలో మాత్రం వేడి గీత పైకే లేవట్లేదు."

"అవి రేకుల ఇళ్ళు సార్. చుట్టుపక్కల ఒక్క చెట్టు లేదు. పగటిపూట లోపల మనిషన్నవాడు కూర్చోలేడు."

"నీ మాట కాదనను. కానీ పైవాళ్ళు అంకెలడుగుతారు. ఎండ ముప్పు ఉందని తేలిన చోటుకే ఇళ్ళ కప్పులకి సెగ తగ్గించే తెల్ల పెయింటూ, మంచినీళ్ళ ట్యాంకూ. ఈ పేటకి ముప్పు లేదని సాయంత్రం రిపోర్టు పంపించేస్తాను."

"ఒక్కసారి చూసొస్తాను సార్. మిషన్ పాడైపోయిందేమో."

గ్లోరియా స్కూటీ తీసింది.

వేసవి మొదట్లో ఆ మిషన్ని జ్ఞానమ్మ ఇంటి గోడకి తగిలించింది తనే. ఎండ ఎంతుందో కొలిచి ఆఫీసుకి పంపే చిన్న తెల్లపెట్టె. ఆ ఇల్లే ఎందుకంటే, కిందటేడు జ్ఞానమ్మ పెనిమిటి ఏబెల్ చెరకు తోటలో కలుపు తీసి వచ్చి ఆ గుమ్మంలోనే కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. వడదెబ్బని పేటంతా ఏడ్చింది. గుండెపోటని ఆసుపత్రిలో అన్నారు. దాంతో ఎండకి పోయినవాళ్ళ లెక్కలోకి ఏబెల్ రాలేదు.

పేట చేరేసరికి మిట్టమధ్యాహ్నం. జ్ఞానమ్మ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"ఓలమ్మో, ఈ ఎండలో ఏటి తల్లీ ఇలాగొచ్చేసేవు?"

లోపల రేకు సెగ నెత్తి మీదికి దిగుతోంది. ఫ్యాను ఆ వేడిగాలినే మళ్ళీ మళ్ళీ మొహాన కొడుతోంది. చాప మీద నెలలు నిండిన కూతురు మిరియం, గుండెల మీద తడిగుడ్డ వేసుకుని రొప్పుతోంది.

"రోజూ ఇంతేనా అమ్మా?"

"ఇంతే. బయట కూకుందామంటే నీడేది? వాళ్ళయ్య పోయిన కాణ్ణుంచీ దీని గురించే నాకు బెంగ. ఆ తెల్ల పెయింటు ఎప్పుడేత్తారు తల్లీ? కాన్పుకి ముందే ఏసేత్తే..."

గ్లోరియాకి చెప్పక తప్పలేదు.

"మీ పేట చల్లగా ఉందని మిషన్ చెప్తోందమ్మా. పెయింటు రాదంటున్నారు."

"సల్లగానా!" జ్ఞానమ్మ కూతురి వైపు చూసి, చెమట కారుతున్న మొహాన్ని కొంగుతో తుడిచింది. "మాం ఏటి తప్పు సేసేం?"

"మీ తప్పేం లేదు. ఆ పెట్టెలోనే ఏదో లోపం. దాన్ని మార్పించేదాకా నేను ఊరుకోను."

విసవిసా బయటికి నడిచి గోడ వైపు తిరిగింది. మేకు మాత్రమే ఉంది. పెట్టె లేదు. దొంగలెత్తుకుపోయారా? పేటకి సాయం రాకూడదని ఎవరైనా కావాలనే చేశారా?

"మిషనేదమ్మా? ఎవరు తీశారు?"

"కంగారు పడకు తల్లీ, నేనే తీసేను." జ్ఞానమ్మ కళ్ళు ఇంటి మూలకి మళ్ళాయి. గొంతు మెత్తబడింది. "పాపం, వడదెబ్బ తగలకుండా రోజూ నీళ్ళకుండ పక్కన తడిగోనెలో పడుకోబెడతన్నాను."