బొట్టు పెట్టిన సైకిలు

"అదిగో, నా సైకిలు!"

రామమోహన్ వేసిన కేకకి మనురేవా రైల్వే స్టేషన్ ముందు బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు.

కుసుమ మొగుడి చొక్కా పట్టుకుని లాగింది. "మెల్లగా అండీ. నీలం సైకిలు ఊళ్లో మీ ఒక్కరికే ఉందా?"

"నా సైకిల్ని నేను గుర్తుపట్టలేనా?"

అది పోయి నెల దాటింది. డెయిరీ ముందు నిలబెట్టి, పాలు కొనుక్కుని బయటికొచ్చేసరికి లేదు. అప్పటినుంచి పనికి వెళ్లాలంటే ఎదురింటి శశిధర్ కారే గతి. ఇద్దరిదీ ఒకే గోడౌన్‌లో ఉద్యోగం. చదువుకోడానికి ఈ పరాయి దేశానికొచ్చి సెటిలైన కుర్రాడు కదా, నోరు ఊరుకోదు.

"ఈ వయసులో సైకిలేంటి అంకుల్? లైసెన్స్ తీసుకోండి" అనేవాడు రోజూ.

రామమోహన్ ఆ పరీక్ష తప్పాడని అతనికి తెలుసు. తెలిసే అనేవాడు.

ఎనిమిదిలో బడి మానేసిన రామమోహన్, బాపట్లలో అద్దె సైకిలు మీద ఇంటింటికీ సోడాలు వేసి పెరిగాడు. ఎన్నాళ్లకో సొంతంగా ఒకటి కొనుక్కుంటే సినిమా హాలు దగ్గర ఎవడో కొట్టేశాడు. కొన్నేళ్లపాటు రోడ్డు మీద పోయే ప్రతి సైకిల్నీ తేరిపార చూసేవాడు. అది దొరకలేదు. బతుకులో పోయినవేవీ అతనికి తిరిగి దొరకలేదు.

ఇది దొరకాలి.

స్టేషన్ బెంచీ మీద కూర్చున్న తెల్ల ముసలాయన ఒకడు, ఇరుసుదాకా బురద పట్టిన ఆ సైకిల్ని జేబురుమాలుతో తుడుస్తున్నాడు. ఒక్కొక్క చువ్వా విడివిడిగా.

"సిగ్గు లేకుండా తుడుస్తున్నాడు చూడు, సొంత సొమ్ములాగా!"

రామమోహన్ వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాడు. తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని అన్నాడు. "ఇది నాది!"

ముసలాయన తలెత్తాడు. "నీదా? లేదు మేట్. వాగు పక్కన పడి ఉంటే ఇప్పుడే లాక్కొచ్చాను. ఇది..."

"దొంగలందరూ చెప్పే మాటే అది! నాదని ప్రూఫ్ ఉంది, చూడు."

హ్యాండిల్ కింద మట్టిని గోటితో గీకాడు. ఎండిన పసుపు, దాని మీద కుంకుమ బొట్టు బయటపడ్డాయి.

ముసలాయన చెప్పబోయిన మాట ఆగిపోయింది. వంగి చూశాడు.

"ఏమిటిది?"

"దసరా. మా పండగ. మనకి అన్నం పెట్టేదానికి ఆరోజు పూజ చేస్తాం."

"బైకుకి పూజా?"

"బైకు కాదు. లక్ష్మి. దేవత."

"నీకెక్కడ దొరికింది?"

"సండే మార్కెట్లో సెకండ్‌హ్యాండ్‌ది కొన్నాను. నీలాగా ఎత్తుకెళ్లలేదు!"

"అయ్యో, పెద్దాయన్ని పట్టుకుని ఏంటండీ ఆ మాటలు?" అంది కుసుమ.

ముసలాయనకి కోపం రాలేదు. "ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా చెయిన్ జారుతోందా?" అన్నాడు.

"చూశావా కుసుమా! తొక్కి కూడా చూశాడు!" ముసలాయన వైపు తిరిగాడు. "జారుతుంది. అయితే ఏంటి?"

"అప్పుడేం చేస్తావు?"

"దిగుతాను. తప్పైంది తల్లీ అని దండం పెట్టి ఎక్కిస్తాను."

ముసలాయన పెద్దగా నవ్వాడు. నవ్వి, కళ్లు ఆ బురద రుమాలుతోనే తుడుచుకున్నాడు. లేచి నిలబడి, సీటు మీద కాసేపు అరచెయ్యి ఆనించి ఉంచాడు.

"తీసుకెళ్లు మేట్. బాగా చూసుకో."

"అది నువ్వు చెప్పాలా?"

కుసుమని బస్సెక్కించి రామమోహన్ సైకిలెక్కాడు. ఇంటిదాకా గంట కొడుతూనే ఉన్నాడు. దారిలో అడ్డం వచ్చినవాళ్లెవరూ లేరు. అయినా కొట్టాడు.

శశిధర్ కారు తుడుస్తున్నవాడల్లా నోరు తెరిచాడు. "పోలీసులకే దొరకనివాడు మీకెలా దొరికాడంకుల్?"

"దొరకడమేంటి? పట్టుకున్నాను."

ఆ శనివారం తెలుగువాళ్లంతా కలిసే హాల్లో భజన అయ్యాక, భోజనాల దగ్గర అందరికీ ఆ కథ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ దొంగకి వయసు తగ్గి కండలు పెరిగాయి. పులిహోర అయిపోయే వేళకి వాడి చేతిలోకి ఒక స్పానర్ కూడా వచ్చింది. కుసుమ గరిటె పట్టుకుని నేల చూపులు చూసింది. ఫ్లాట్ బుష్ నుంచి పెద్ద కార్లలో వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్లు కూడా బయటికొచ్చి, ఆ సైకిలు పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

"ఒక్క రౌండు ఇవ్వరా అంకుల్?" అన్నాడు శశిధర్.

"లైసెన్స్ ఉందా?"

హాలు వరండా అంతా గొల్లుమంది. అంతమంది తనతో కలిసి నవ్వడం రామమోహన్‌కి ఈ దేశంలో అదే మొదటిసారి.

శీతాకాలం వచ్చింది. ఒక ఉదయం గోడౌన్‌కి వెళ్తుంటే, వీధి మలుపులో ఎవరో ఆడమనిషి చెయ్యెత్తి ఆపింది.

"సైకిలుకి పూజ చేసేది మీరేనా?"

"నేనే." రామమోహన్ ఛాతీ విరుచుకున్నాడు. కథ ఇంతదూరం పాకిందన్నమాట!

"స్టేషన్ దగ్గర మీరు మా నాన్నతో మాట్లాడారు. పోయిన వారం ఆయన చనిపోయారు. మీరు కనిపిస్తే ఇది ఇమ్మన్నారు."

ఆమె చేతిలో గాలి కొట్టే పంపు ఉంది. నీలం రంగు. సైకిలు రంగే, అచ్చంగా.

దొంగ గారి కూతురన్నమాట. రామమోహన్ మొహం బిగుసుకుంది. "ఈ పంపు ఆయనకెక్కడిది?"

ఆమె వంగి పంపుని సైకిలు కడ్డీకి ఆనించింది. అది క్లిప్పుల్లో టక్కున కూర్చుంది.

"మూడేళ్ల కిందట మా గరాజ్ తాళం పగలగొట్టి నాన్న సైకిల్ని ఎత్తుకుపోయినప్పుడు," అంది ఆమె, "ఇదొక్కటే గోడకి మిగిలిపోయిందండీ."