గోడ మీద ఫొటోగ్రాఫరు

మధ్యాహ్నం మూడు దాటింది. తిహోమిర్ పడవ రేవుకి తిరిగి రాలేదు.

పొద్దున ఒక్కడే వెళ్ళాడు. భోజనం వేళకి వచ్చేస్తానన్నాడు. ఆ వేళకే గాలి తిరిగింది. సొజోపోల్ ఊరి రేవులో మిగతా పడవలన్నిటినీ రెండేసి తాళ్ళతో కట్టేశారు. వెతకడానికి వెళ్తానన్నవాడు యాని ఒక్కడే. అతని పడవ ఇంజను అప్పటికే ఆడుతోంది.

"ఏ వైపు వెళ్ళాడో చెప్పు అక్కా," అన్నాడు యాని. "ఉత్తరాన దీవికా, దక్షిణాన లైట్‌హౌస్ కొన దగ్గరికా?"

"రెండు చోట్లా వలలు వేశాడు," అంది తిహోమిర్ భార్య నెదెల్య. "ముందు ఏది తీస్తాడో నాకెప్పుడు చెప్పాడు గనక?"

"ఫోనో?"

"వంటింట్లో ఉంది. తడుస్తుందట."

"ఫోను తడవకూడదు, తను తడిసినా ఫరవాలేదు. మీ ఆయన లెక్కే వేరు." యాని ఆకాశం వంక చూశాడు. "నవంబరు పొద్దు, ఎంతోసేపు ఉండదు. ఒక వైపే వెళ్ళగలను. అటు వెళ్తే ఇటు లేదు."

నెదెల్య తలెత్తింది. రేవుకి పైన పాత ఊరి రాతి గోడ ఉంది. దాని మీద విటోల్ద్ కెమెరా స్టాండు వేసుకుని నిలబడ్డాడు. పోలండ్ మనిషి. సముద్రం పక్కనున్న పాత ఊళ్ళు తిరుగుతూ ఫొటోలు తీస్తాడు. నిన్ననే ఆమె ఇంట్లో గది తీసుకున్నాడు. ఇవాళ కాఫీ తాగి గోడెక్కాడు. తిహోమిర్ పడవ విప్పింది ఆ తర్వాతే.

"వాడు చూసి ఉంటాడు," అంది.

పిలిచింది. గాలి ఆ పిలుపుని వెనక్కి తోసేసింది. యాని కూడా గొంతు కలిపితే విటోల్ద్ కిందికి చూశాడు. నెదెల్య తన మొగుడు పడవ కట్టే ఇనుప కడియాన్ని చూపించింది. తెడ్డు వేస్తున్నట్టు చేతులాడించింది. తర్వాత చెయ్యి చాపి దక్షిణం వైపు చూపించి, అటా అన్నట్టు నిలబడింది.

విటోల్ద్ రెండు చేతులతో స్టాండుని పట్టుకుని ఉన్నాడు, గాలికి పడిపోకుండా. తల అడ్డంగా ఊపాడు. కిందికి కనబడాలని మెల్లగా, మళ్ళీ మళ్ళీ ఊపాడు.

"అవునంటున్నాడు," అంటూ యాని తాడు విప్పేశాడు. "దక్షిణానికే."

"ఆగు. వాడు మనవాడు కాడు."

"కాకపోతే?"

"మనం ఊపినట్టు వాళ్ళు ఊపరు. అడ్డంగా ఊపితే మనకి అవును, వాళ్ళకి కాదు. పొద్దున కాఫీ పొయ్యనా అని అడిగితే నిలువుగా ఊపాడు. వద్దంటున్నాడనుకుని గిన్నె లోపలికి పట్టుకుపోయాను. పాపం, ఖాళీ కప్పు పట్టుకుని గుమ్మం వంక చూస్తూ కూర్చున్నాడు."

"గట్టిగా తెలుసా అక్కా? మనిషి ప్రాణం."

"నా మొగుడి ప్రాణం. తెలియకుండా చెప్తానా? వాడు కాదంటున్నాడు. దీవికి పో."

"సరే," అన్నాడు యాని. చేతి రేడియో ఒకటి ఆమెకిచ్చి, పడవని ఉత్తరానికి తిప్పాడు. ఆమె ఆ పడవ వంకే చూస్తూ నిలబడింది. గోడ మీద విటోల్ద్ మళ్ళీ కెమెరా మీదికి వంగాడు.

వెలుతురు తగ్గుతుండగా రేడియో పలికింది.

"దీవి చుట్టూ చూశాను అక్కా. ఎవరూ లేరు. వల ఎవరూ ముట్టుకోలేదు. దక్షిణానికి దాటనివ్వడం లేదు అల. ఈ రాత్రికి దీవి చాటునే లంగరు వేస్తున్నాను."

ఆమె రేడియోని ఒళ్ళో పెట్టుకుని వలల కుప్ప మీద కూర్చుంది.

ఫొటోలకి వెలుతురు చాలక విటోల్ద్ గోడ దిగాడు. స్టాండు భుజాన వేసుకుని రేవులోకి వచ్చాడు.

"దొరికాడా?" అని అడిగాడు. వాళ్ళ భాష అతనికి ముక్కలు ముక్కలుగా వచ్చు.

ఆమె రేడియోని పక్కన పెట్టి లేచింది. అతను కెమెరా వెనక తెర మీద ఒక ఫొటో తెచ్చి ఆమె ముందు పెట్టాడు. నీలం పడవ. అందులో తిహోమిర్ ఎర్ర టోపీ. పడవ ముందు దక్షిణపు కొన, దాని మీద లైట్‌హౌస్.

నెదెల్య తెర మీది కొనని వేలితో చూపించింది.

"అటు వెళ్ళడం నువ్వు చూశావా?"

"చూశాను. పొద్దునే తీశాను ఇది."

"చూసినవాడివి తల అడ్డంగా ఎందుకు ఊపావు?"

విటోల్ద్ ఆమె మొహంలోకి చూశాడు. సముద్రం వంక చూశాడు.

"మీరే కదమ్మా నేర్పారు," అన్నాడు. "కాఫీ గిన్నె మళ్ళీ తెచ్చి పోస్తూ. ఈ ఊళ్ళో అవును అనాలంటే అడ్డంగా ఊపాలని."