చెల్లని సంతకం

"ఈ లైను కొట్టేసి పక్కన సంతకం పెట్టు సిస్టర్. అయిపోతది," అన్నాడు ఆఫీసు మేనేజరు ప్రభాకర్, యాక్సిడెంట్ రిజిస్టర్‌ను పుష్ప వైపు తిప్పుతూ.

ఆ లైను పొద్దున తొమ్మిదింటికి పుష్ప తన చేత్తో రాసిందే. ఫ్యాక్టరీలో రసాయనాలు ఉడికించే రియాక్టర్ మూత దగ్గర ఆవిరి కొట్టి కార్మికుడు పాండు కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది, చేతులకు గ్లౌజులు లేవు. పాండుకు కట్టు కట్టి, ఆసుపత్రి బండి ఎక్కించి వచ్చాక రాసింది.

"కొట్టేసి ఏం రాయాలె సార్?"

"క్యాంటీన్ల చెయ్యి మీద చాయ్ పడ్డదని రాయి."

"మోచేతి దాకా కాలేటంత చాయ్ మన క్యాంటీన్ల ఎన్నడన్న పోసిండ్రా సార్?"

కంప్యూటర్ ముందు కూర్చున్న సునంద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రభాకర్ నవ్వలేదు.

"పరాచకాలు కాదు. పేజీలకు నంబర్లున్నయి, చింపెతందుకు లేదు. రేపు ఇన్‌స్పెక్టర్ వస్తే మొదలు అడిగేది ఈ బుక్కే. అయినా నువ్వు నర్సింగ్ చదవని ప్రాక్టికల్ నర్సువు. గ్లౌజులు ఉన్నయా లేవా రాయడానికి నువ్వెవరు? నీ సంతకం ఏడ చెల్లుతది?"

"అందుకే గద సార్ సదువుకుంట అంటున్న."

పుష్ప గోడ గడియారం చూసింది. పన్నెండు ముప్పావు. సంగారెడ్డిలో నర్సింగ్ స్కూలు వాళ్లు చేర్చుకునేది ఇవాళ నాలుగింటి వరకే. చేరాలంటే అసలు సర్టిఫికెట్లు చూపించాలి. అవి ఆమె ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ప్రభాకర్ వెనకున్న ఇనుప బీరువాలోనే ఉన్నాయి. నెల కిందట రాజీనామా ఇచ్చినా, "మనిషి దొరకలే, ఇంకో వారం" అంటూ ఆయన బీరువా తెరవలేదు.

"ఈ వయసుల మూడేండ్లు సదువుడేంది?" ప్రభాకర్ గొంతు మెత్తబడింది. "జీతం తక్కువైతే చెప్పు, మాట్లాడుదాం."

"జీతం కోసం గాదు సార్. పొద్దున పాండు సెయ్యి సూసి డాక్టరుకు ఫోన్ చేసిన. సంగతి చెప్పవోతే, 'నర్సుకియ్యమ్మా ఫోను' అన్నడు. నేనే సార్ అన్న. 'నువ్వు గాదు, అసలు నర్సుకియ్యి' అన్నడు. ఎనిమిదేండ్ల సంది మన ఫస్టెయిడ్ రూముల నేను దప్ప ఇంకో నర్సు లేదు. ఎవరికియ్యాలె సార్ ఫోను?"

 ప్రభాకర్ పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు.

"కొట్టేస్తవా, లేదా?"

పుష్ప పెన్నును చూసింది. బీరువాను చూసింది. కూర్చోలేక లేచింది, నిలబడలేక మళ్లీ కూర్చుంది.

"కొట్టెయ్య సార్. ఆ సెయ్యి మానేసరికి రెండు నెల్లయితది. పనిల కాలిందని దీంట్ల ఉంటెనే ఆయన ఇల్లు గడుస్తది. చాయ్ పడ్డదంటె పైసలెవరిస్తరు?"

ప్రభాకర్ రిజిస్టర్ మూసి, ఫోను తీసుకుని పక్కగదిలోకి వెళ్లాడు. తలుపు వేసుకున్నాడు.

"అక్కా," సునంద కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఒక్క గీత గదా. కొట్టేసి పోరాదు? మల్ల ఏడాది దాక ఆగుతవా?"

"నీ అన్న సెయ్యి గాలితే గిట్లనే అంటవా?"

సునంద కుర్చీ వెనక్కి జరుపుకుంది. పుష్ప కాలు మాత్రం ఊగుతూనే ఉంది. గడియారంలో ముల్లు ఒంటిగంట దాటింది.

తలుపు తీసుకుని వచ్చిన ప్రభాకర్ మొహంలో కోపం లేదు.

"పోనియ్యి సిస్టర్. నువ్వు రాసింది ఉన్నది ఉన్నట్టే ఉండనీ. ఒక్క అక్షరం కొట్టకు." బీరువా తెరిచి, ఆమె పేరున్న కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇగో, నీ సర్టిఫికెట్లు. సునందా, జెర లే. సిస్టర్ రిలీవింగ్ లెటర్ నేనే కొడత."

టకటకా కొట్టి రెండు కాగితాలు తీశాడు. రెంటి మీదా సంతకం చేసి, ముద్ర గుద్దాడు.

"ఒకటి నీకు, ఒకటి ఆఫీసుకు. ఆఫీసు దాని మీద ముట్టినట్టు సంతకం పెట్టు. జల్దీ, బస్సు పోతది."

పుష్ప కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు అలుక్కుపోయాయి. కాగితం కింద సంతకం ఉంది, ముద్ర ఉంది. పత్రం చేతికొస్తే మనవాళ్లు చూసుకునేవి ఆ రెండే. ఆమె గబగబా పేరు రాసింది.

"గట్టిగ మాట్లాడిన సార్, మనసుల పెట్టుకోకుండ్రి."

"అరె, మంచిగ చదువుకొని రా. రిజిస్టర్డ్ నర్సువై రా."

మెట్లు దిగడం కాదు, దూకింది. గేటు దగ్గర సెక్యూరిటీ యాదన్న చెయ్యి అడ్డం పెట్టాడు. లోపలి నుంచి చిత్తుకాగితం బయటికి పోయినా ఆయన చదివి, తేదీ చూసి, తన బుక్కులో ఎక్కించాల్సిందే.

"యాదన్నా, నీ కాల్మొక్త, అగో బస్సు!"

"బస్సుకేం బిడ్డా, అది పోతె ఇంకోటస్తది. నా నౌకరి పోతె ఇంకోటి రాదు. తే."

కళ్లద్దాలు పెట్టుకుని, వేలు ఒక్కో మాట కింద జరుపుతూ చదివాడు. రోడ్డు మీద బస్సు ఆగి హారన్ కొట్టింది. పుష్ప ఒక కాలు గేటు బయట పెట్టి చెయ్యి ఊపింది. యాదన్న వేలు ఒకచోట ఆగింది. మళ్లీ పైకి పోయి, మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది.

ఆయన కళ్లద్దాలు తీసి ఆమెను చూశాడు.

"నిన్న పొద్దుగూకినప్పుడే నిన్ను పనిలకెల్లి ఇడిసిపెట్టినట్టు ఉన్నదేంది బిడ్డా? మరి ఇయ్యాల పాండు సంగతి ఆ యాక్సిడెంట్ బుక్కుల రాసిందెవరు?"