నడిమి స్పీకరు

హాల్లో ఆడవాళ్ళంతా పాడుతున్నారు. విజయలక్ష్మి ఒక్కతే పాడటం లేదు.

లక్ష్మీనారాయణ సోఫాలో ముందుకు జరిగి చెవులు రిక్కించాడు. చప్పట్లు వినిపిస్తున్నాయి. పాట అందుకునేవాళ్ళ "ఉయ్యాలో" వినిపిస్తోంది. ఎత్తుకోవలసిన మనిషి వంతు వచ్చేసరికి మాత్రం ఏమీ లేదు.

ఆ మనిషి ఆయన భార్య. పోయి ఎనిమిది నెలలైంది.

ఇంట్లో ఆమె ఫోటోలు కావలసినన్ని ఉన్నాయి, గొంతు ఎక్కడా లేదు. ఆమె ఆఖరిసారి బతుకమ్మ ఆడిననాడు సుబేదారిలో వాళ్ళ వీధిలో ఎవరో మైకులు పెట్టి పాటలు రికార్డు చేశారని తెలిసి, నెలరోజులు వెతికించి మరీ సంపాదించాడు. సంవత్సరీకం నాడు చుట్టాలను కూర్చోబెట్టి ఆ గొంతు వినిపించాలని ఆయన పట్టుదల. కొత్త కంప్యూటరు, పాటను స్పీకర్లకు పంచే రిసీవరు, హాలు చుట్టూ ఐదు స్పీకర్లు అందుకే వచ్చాయి.

అన్నీ బిగించింది అక్క కొడుకు హరీష్. వాడికి హనుమకొండలో ఆడియో షాపు ఉంది. బోర్డు మీద సౌండు నిపుణుడని రాసి ఉంటుంది. రాయించుకున్నది వాడే.

హరీష్ కంప్యూటరు వెనక సౌండ్ కార్డు నుంచి రిసీవరుకు వేసిన సన్నటి డిజిటల్ వైరును పీకి మళ్ళీ గుచ్చాడు. మూడుసార్లు గుచ్చినా అదే పాట, అదే లోటు.

"నా ఫిటింగ్ల ఏం తప్పు లేదు మామా. రికార్డింగే ఖరాబు. అత్తమ్మ మైకు పనిచెయ్యలేదు. ఆ ముచ్చట దాసి నీకు అంటగట్టిండు."

రికార్డు చేసినవాడి పేరు సుదర్శన్. ఫంక్షన్లకు సౌండ్ బాక్సులు పెట్టుకుని బతికేవాడు. పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చిన రోజు ఏమిచ్చినా తీసుకోలేదు. ఐదు స్పీకర్లూ బిగించాక ఒక్కసారి వచ్చి, కూర్చుని విని పోతానని మాత్రం అడిగాడు.

ఊరికే ఎవడిస్తాడు, అప్పుడే అనుమానపడాల్సింది అన్నాడు హరీష్. ఆ మాట లక్ష్మీనారాయణకు ముల్లులా గుచ్చుకుంది. గిన్నెను వేలితో మీటి, చప్పుడు విని స్టీలు మంచిదో కాదో చెప్పగల మనిషి తను. అలాంటి తననే ఒకడు మోసం చేశాడు, అదీ చచ్చిపోయిన మనిషి పేరు మీద.

మర్నాడు సుదర్శన్‌ను చౌరస్తాలోని తన స్టీలు సామాన్ల దుకాణానికి పిలిపించి, బేరానికి వచ్చినవాళ్ళ ముందే దులిపేశాడు. సుదర్శన్ చేతులు జోడించాడు.

"అమ్మ గొంతు నడిమి స్పీకర్ల పెట్టిన సార్. మీరు కూసుంటె చుట్టూ అందరు ఆడుతున్నట్టు ఉండాలని. వైరు మంచిదే. కంప్యూటర్ల ఒక్క సెట్టింగ్ మార్చాలె. జర ఐదు నిమిషాలు ఇంటికి రానియ్యుండ్రి."

"నా గడప తొక్కకు. ఈ ఊర్ల నీకు పని దొరకనియ్య."

అన్నంత పనీ చేశాడు. బజారులో ఒక పెద్ద దుకాణదారు ఫలానావాడు మంచివాడు కాదంటే ఎందుకని ఎవరూ అడగరు. నాలుగు టెంట్‌హౌస్‌లకు, ఆరు ఫంక్షన్ హాళ్ళకు ఫోన్లు వెళ్ళాయి. శ్రావణంలో ఊరంతా పెళ్ళిళ్ళే అయినా సుదర్శన్ బాక్సులు గది దాటలేదు.

సంవత్సరీకానికి రెండు రోజుల ముందు కూతురు మానస వచ్చింది. అమ్మ పాట పెట్టమంది. రిసీవరు మీద ఐదు స్పీకర్ల గుర్తుల్లో రెండే వెలుగుతున్నాయేమిటని అడిగి, కంప్యూటరు ముందు కూర్చుంది. పాటను కంప్యూటరే విప్పి, రెండు స్పీకర్ల వంతు మాత్రమే పంపి మిగతాది వదిలేయకుండా, ఉన్నదున్నట్టు రిసీవరుకు పంపేలా ఒక గడిలో టిక్కు పెట్టింది.

విజయలక్ష్మి పాట ఎత్తుకుంది.

లక్ష్మీనారాయణ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుపు ఆగాక హరీష్‌కు ఫోన్ చేశాడు.

"ఆ సుదర్శన్ నాకు ఫోన్ చేసి గిదే చెప్పిండు మామా. నా షాపుల పెట్టి చూసిన, మంచిగనే వచ్చింది. గప్పటికే నువ్వు ఆయనను నలుగుర్ల తిట్టినవు. ఇగ చెప్తె నా ఇజ్జత్ పోతదని ఊకున్న."

ఎత్తుకుని పెంచిన మేనల్లుడు. నాలుగు నెలలు ఎదురుగా కూర్చుని, చాయ్ తాగి, ఒక్క మాట చెప్పలేదు. వాడి మాట పట్టుకుని తను ఒకడి కడుపు కొట్టాడు. లక్ష్మీనారాయణకు ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

సుదర్శన్ ఫోన్ పనిచేయడం లేదు. టెంట్‌హౌస్‌లో అడిగితే, బాక్సులు అమ్ముకుని సూరత్ పోయాడని, ఏ మిల్లులో చేరాడో తెలియదని చెప్పారు.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక హాలు నిండింది. పాట మొదలైంది. విజయలక్ష్మి ఒక్కో మాటా ఎత్తుకుంటుంటే, వెనక మూల స్పీకర్లోంచి ఒక బొంగురు గొంతు అందరికంటే ముందు అందుకుంటోంది.

ఆ వెనక గొంతు ఎవరిదని లక్ష్మీనారాయణ పక్కింటి శకుంతలను అడిగాడు. ఆనాడు ఆమె కూడా అక్కడే ఆడింది.

"మన గల్లీ ఊడ్చే మొగిలమ్మ గదా అన్నా. వదిన పోయిన నెలకే ఆమె గూడ పోయింది."

శకుంతల కళ్ళు తుడుచుకుని గుమ్మం వైపు చూసింది.

"సుదర్శన్ రాలేదేంది? వాళ్ళమ్మ గొంతు ఇననీకి వస్తడనుకున్న."