నువ్వొచ్చేదాకా

ఆ పేటలో అంబులెన్స్ తమ్ముడంటే అందరికీ చనువే. పోయిన నెల స్కూలు హాల్లో బొమ్మను పడుకోబెట్టి, ఊపిరి ఆగినవాళ్ల రొమ్ము ఎలా నొక్కాలో, నోట్లోకి గాలి ఎలా ఊదాలో ఓపిగ్గా నేర్పాడు. అందుకే ఆ రాత్రి ఫోన్ రాగానే, ముందు వరసలో కూర్చుని నేర్చుకున్న టైలరమ్మ గొంతని పోల్చుకున్నాడు.

మూడో అంతస్తు ఎక్కకముందే కంపు ఎదురొచ్చింది. తలుపు తీసే ఉంది. నేల మీద వెల్లకిలా పడున్న భర్త నోటికి నోరు ఆనించి ఆవిడ గాలి ఊదుతోంది. ముఖం ఉబ్బి, నల్లబడి, అది మనిషి ముఖమని పోల్చుకోవడమే కష్టంగా ఉంది. ఆవిడ తలెత్తింది. పెదాల చుట్టూ ఏదో జిగురుగా మెరుస్తోంది.

"ఎప్పట్నించి, అక్కా?" ముక్కు మూసుకుని అడిగాడు.

"ఆదివారం నించి. నువ్వొచ్చేదాకా ఆపొద్దన్నావుగా, తమ్ముడూ."

ఆ రోజు గురువారం.

"మరి ఇన్నాళ్లూ ఫోనెందుకు చెయ్యలేదు?"

"చేతులు ఖాళీ ఎక్కడివి? నొక్కడం, ఊదడం, ఇదే సరిపోయింది. సాయంత్రం నించి ఆయనే కాస్త పీలుస్తున్నాడు. అందుకే చెయ్యగలిగాను."

పిచ్చిదైపోయిందనుకుని, ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని గుమ్మం దాకా లాక్కొచ్చాడు. ఆవిడ పెనుగులాడలేదు. అరచేత్తో మూతి తుడుచుకుని, అతని భుజం మీదుగా గదిలోకి చూస్తూ నిలబడింది.

అతని వెనక, తడిగా, నిదానంగా, ఎవరో గాలి లోపలికి పీల్చారు.